డీ అండ్ డీ ఆటల నా లెవెల్ 2 రోగ్ (చాటుమాటు పనుల పాత్ర) దొంగల చేతికి చిక్కిండు, ఎట్ల బయటపడాలె?

నయీంనగర్_రోగ్:
అన్నలూ అక్కలూ జర ఐడియా చెప్పున్రి. మేం నలుగురం ప్లేయర్లం, ఒక డీఎం (కథ నడిపేటోడు), హన్మకొండల నయీంనగర్ దిక్కు దోస్తు రూంల ఐతారం ఐతారం డీ అండ్ డీ (పాచికలేసి కథల పాత్రలు ఆడే ఆట) ఆడుతం, ఐదో ఎడిషన్, 2014 పుస్తకం. సుద్దముక్కతోని గచ్చు మీద మ్యాప్ గీస్తం, దొంగలంటే క్యారం కాయిన్లు, నేనేమో చెస్‌ల తెల్ల గుర్రం. పోయిన వారం ఫైట్‌ల నా ప్రాణం పాయింట్లు జీరో అయినయ్, మిగిలిన ముగ్గురు నన్ను ఇడిసిపెట్టి ఉరికిన్రు. లేసి చూస్తే చేతులకు బేడీలు, కత్తి లేదు, తాళాలు తీసే సామాన్ లేదు, బూట్లు గూడ గుంజుకున్నరు. మా డీఎం మన వరంగల్ కోటనే పేరు మార్చి మ్యాప్ పెట్టిండు, రాతికోట లోపల ఒక గదిల నన్ను ఏసిండు, బయట ఇద్దరు బందిపోట్లు. మావోళ్ల కాడ పైసలు గుంజుతందుకు నన్ను బతికించిన్రట.

నా పాత్ర మనిషి, డెక్స్ (చురుకు) +3, హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) 15, స్టెల్త్‌లనూ (దాక్కునుడు) దొంగ సామాన్‌లనూ (తాళాలు తీసే సామాన్) ఎక్స్‌పర్టీస్ (డబుల్ బోనస్) ఉంది. మావోళ్లేమో "కొత్త క్యారెక్టర్ చేస్కో పో" అంటున్రు. వీని కోసం మూడు పేజీల కథ రాసిన భాయ్, మనసొప్పుతలేదు. డీఎంను బతిమాలుడు గూడ ఇష్టం లేదు.

పాచికల_భాయ్:
ముందుగాల లెక్క చూడు తమ్మీ. బేడీల నుంచి చేతులు జారగొట్టాలంటే డెక్స్ చెక్ డీసీ 20 (పాచిక, బోనస్ కలిపి గంత రావాలె), నీకు +3 కాబట్టి ఇరవై ముఖాల పాచిక మీద 17 పడాలె, అంటే 20 శాతం. ఇరగ్గొట్టుడు బలంతోని, అదీ 20యే, దాని జోలికి పోకు. అదే తాళం తీసుడైతే డీసీ 15, ఎక్స్‌పర్టీస్‌తోని నీకు +7, 8 పడితే చాలు, 65 శాతం. గందుకే నీకు కావల్సింది అదృష్టం కాదు, సామాన్. మీ పార్టీల విజార్డ్ (మంత్రగాడు) ఉన్నడా? ఉంటే ఆయనకు ఫైండ్ ఫెమిలియర్ (గుడ్లగూబ లాంటి చిన్న మాయ జంతువును పిలిచే మంత్రం) ఉందా అడుగు. గుడ్లగూబ ఫైట్ చెయ్యలేదు గని సామాన్ మొయ్యొచ్చు, తాళాల సామాన్ ఒక్క పౌండే బరువు, కొత్తది 25 గోల్డ్. కిటికీలకెళ్లి లోపల పడేస్తే అయిపాయె.

ఇంకోటి, ఫైట్ మాత్రం పెట్టుకోకు. స్నీక్ అటాక్‌కు (రోగ్ చాటు దెబ్బ) ఫినెస్ ఆయుధమో (చురుకుతోని తిప్పే సన్న కత్తి లాంటిది) బాణమో ఉండాలె, పిడికిలితోని రాదు. ఒక్కో బందిపోటుకు 11 హెచ్‌పీ, నువ్వు గుద్దుకుంట కూసుంటే తెల్లారుతది. దాక్కొని పోవుడే నీ పని, వాళ్ల పాసివ్ పర్సెప్షన్ (ఎతకకున్నా కనిపెట్టే లెక్క) 10, నీ స్టెల్త్ +7, 4 పడ్డా తప్పించుకుంటవ్.

మామునూర్_మాస్టర్:
డీఎంకు రెండు ప్లేట్లు మిర్చి బజ్జీలు తినిపియ్యి, బేడీలు వాటంతట అవే ఊడుతయ్

కోటకాడి_పోరడు:
మా ఇల్లు కోట కాడనే, రోజూ ఆ దర్వాజలకెళ్లే బండి మీద పోత. మ్యాప్ నిజంగ మన కోటదే అయితే నీకు లాభమే. దర్వాజ సీదా ఉండది, మలుపులు తిరిగి పోవాలె, దాడికి వచ్చినోడు స్పీడ్‌గ లోపలికి దూరకుండ గట్ల కట్టిన్రు. అంటే మలుపుకు ఇటున్న కావలోనికి అటున్నోడు కనపడడు. ఎదురుంగ ఆటో వస్తే నాకే కనపడది, హారన్ కొట్టుకుంట పోత. నువ్వు ఒక్కన్ని దాటితే చాలు, ఇంకోనికి తెల్వది.

దానికంటె ముఖ్యం ఇది ఇను. కోట కట్టింది బయటోళ్లను ఆపుతందుకు, లోపలోళ్లను కాదు. రాతిగోడ బయట నుంచి చూస్తే నిట్టనిలువుగ ఇరవై అడుగుల పైనే ఉంటది, లోపల నుంచేమో పైదాక మెట్లే, కావలోళ్లు ఎక్కడికంటె అక్కడ ఉరికి ఎక్కెతందుకు. దర్వాజ దిక్కే పోవద్దు నువ్వు. మెట్లెక్కి అవుతలికి దుంకు. ఇరవై అడుగులంటే 2డీ6 (ఆరు ముఖాల పాచికలు రెండు) డామేజే కదా, 12 పడ్డా 15ల మూడు మిగులుతయ్ నీకు. బయట కందకం ఉంటది, నీళ్లల్ల పడితే ఎట్ల అన్నది మాత్రం మీ డీఎం ఇష్టం.

కరీంనగర్_డ్రూయిడ్:
పాచికల అన్న లెక్క బాగనే చెప్పిండు గని ఒకటి మర్చిపోయిండు, ఆ దొంగలకు నువ్వు బతికుండాలె, సచ్చినోని మీద పైసలు రావు. కడుపునొప్పి అని పొర్లు, మూడు పూటలు తినకు, ఎవడో ఒకడు లోపలికి వస్తడు, తలుపు తెరుస్తడు.

మా గేమ్‌ల నాకిట్లనే అయింది. లెవెల్ 2 డ్రూయిడ్‌ను (జంతువుగ మారే పాత్ర), ఎలుకైపోయి తలుపు కింద నుంచి దూరిన, మస్తు ఖుషీ. ఆ లెవెల్ల వైల్డ్ షేప్ (గట్ల మారుడు) ఒక్క గంటనే. ఎలుకకు ఉండేది ఒక్కటే హెచ్‌పీ, చీకట్ల ఒకడు తెల్వక తొక్కిండు, టప్పున మనిషినైన, వాని కాలు నా ఈపు మీద, ఇద్దరం ఒకేసారి మొత్తుకున్నం 😂

తెరెనకాల:
నేను డీఎంనే, అవుతలి పక్క నుంచి చెప్త. "తప్పించుకోవచ్చా" అని అడగకు, ఆ ప్రశ్నకు నేనైతే డైస్ ఇచ్చి కూసుంట. "బువ్వ ఎవరు తెస్తరు, దేంట్ల తెస్తరు, అప్పుడు బేడీలు ఇప్పుతరా" అని అడుగు. సగం సార్లు డీఎం గది గీసుకుంటడు గని ఇవి ఆలోచించుకోడు, అక్కడికక్కడ ఏదో ఒకటి చెప్పాలె, ఆ చెప్పిందే నీకు సామాన్ అయితది.

పాచికల_భాయ్:
తెరెనకాల భాయ్, గట్ల మొలతోని తీగతోని తాళం తీస్తరా? దొంగ సామాన్ అనేది మరి ఎందుకు పుస్తకంల

తెరెనకాల:
నేనైతే డీసీ 20 చేసి ఒప్పుకుంట. వద్దంటే ఆ పోరడు వచ్చే ఐతారం నుంచి రాడు, నాకు ప్లేయర్ పోతడు.

నయీంనగర్_రోగ్:
అప్‌డేట్. అందరికి మస్తు థ్యాంక్స్. గుడ్లగూబ ప్లాన్ అయితే ఎత్తిపోయింది, ముగ్గురి జేబులు దులిపితే 18 గోల్డ్, సామాన్ 25. గని విజార్డ్ దాన్ని గోడ మీద కావలి పెట్టిండు, వంద అడుగుల లోపల ఉంటే దాని కండ్లతోని ఆయనకు కనపడతది.

బువ్వ ముచ్చట అడిగిన. డీఎం నిజంగనే ఆలోచించలే, తల గోక్కొని "గటక, చిన్న బకెట్ల" అన్నడు. బకెట్ అంటే తీగ పట్టె ఉంటది కదా అన్న. రెండు నిమిషాలు నా మొకమే చూసిండు. మళ్ల డీసీ 20 అన్నడు, 13 పడాలె. మేం స్టీల్ తాంబాలంల ఏస్తం, డైస్ ఎగిరి మంచం కిందికి పోయింది, తొంగి చూస్తే 11, కింద పడ్డది లెక్కకు రాదని పెద్ద లొల్లి, ఆఖరికి మళ్లేస్తే 16.

దర్వాజ దిక్కు పోలే. గది కాడి ఇద్దరి ఎనక నుంచి జారుకొని మెట్లెక్కి దుంకిన, 9 డామేజ్, 6 మిగిలినయ్. కందకంల నీళ్లు ఎండిపోయినయ్ అన్నడు, ఎండకాలమట, కావాలనే అన్నడు.

ఇప్పుడేమో మావోళ్లు, నీ కత్తి, బూట్లు లోపలనే ఉన్నయ్ కదా, మళ్ల పోదాం పా అంటున్రు. ముగ్గురికీ చెప్పున్రి ఎవరన్న.