192.168.1.1 కొడితే ఒకసారి ఒక పేజీ, మరోసారి ఇంకో పేజీ వస్తోంది

ప్రశ్న: గుంటూరు, బ్రాడీపేట నుంచి

అందరికీ నమస్కారం. మాది రెండంతస్తుల ఇల్లు. కింద మేముంటాం, మేడమీది పోర్షన్ అద్దెకిస్తాం. ఫైబర్ కనెక్షన్ కింది హాల్లోకి వస్తుంది, కంపెనీవారు బిగించిన పెట్టె టీవీ పక్కన గోడకు ఉంది. దాని వైఫై మేడమీదికి సరిగా అందడం లేదని, సంక్రాంతికి వచ్చినప్పుడు మా మరిది తన పాత రౌటర్ తెచ్చి పైన పెట్టి, కింది పెట్టె నుంచి మెట్ల పక్కగా ఒక కేబుల్ లాగి దానికి కలిపి వెళ్లాడు. ఈ నెల అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారు. వాళ్లకీ, వచ్చిపోయే వాళ్ల బంధువులకీ పాస్‌వర్డ్ తెలుసు కాబట్టి, కొత్తవాళ్లు దిగేలోపే మేడమీది వైఫై పాస్‌వర్డ్ మార్చాలని కూర్చున్నాను. రెండు రోజులుగా అది నా చేత కావడం లేదు.

పై రౌటర్ అడుగున ఉన్న స్టిక్కరు మీద, దాని సెట్టింగుల పేజీ తెరిచే అడ్రస్ 192.168.1.1 అని ఉంది. దాన్నే బ్రౌజర్‌లో కొడితే ఒక్కోసారి కింది పెట్టె పేజీ వస్తుంది. అందులో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రెండూ అడుగుతుంది. పది నిమిషాలాగి మళ్లీ కొడితే నీలం రంగు పేజీ వచ్చి పాస్‌వర్డ్ ఒక్కటే అడుగుతుంది. అది పై రౌటర్‌దేనని నా అనుమానం. పాస్‌వర్డ్ కొట్టేలోపు ఆ పేజీ కాస్తా తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతుంది. పైనుంచి కేబుల్ పీకేసి నా ల్యాప్‌టాప్‌ను నేరుగా ఆ రౌటర్‌కే కలిపి చూశాను, అప్పుడు అసలు ఏ పేజీ రాలేదు. మరిదికి ఫోన్ చేస్తే, "ఏదో ఆఫ్ చేశాను వదినా, ఏమిటో గుర్తు లేదు" అన్నాడు. రీసెట్ బటన్ నొక్కడానికి చేయి రావడం లేదు. దయచేసి దారి చెప్పగలరు.

జవాబు: విజయవాడ, పటమట నుంచి

నమస్కారమండీ. రీసెట్ నొక్కకపోవడమే మంచిదైంది, ప్రస్తుతానికి దాని జోలికి వెళ్లకండి. ముందుగా చాలామందికి ఎదురయ్యే చిన్న విషయాలు చూసుకుందాం. ఫోన్‌తో ప్రయత్నిస్తుంటే మొబైల్ డేటా ఆపేయండి, ఎందుకంటే వైఫైలో నెట్ లేదని ఫోన్‌కు అనిపిస్తే అది మీకు చెప్పకుండానే సిమ్ వైపు మళ్లిపోతుంది, సిమ్ దారిలో మీ ఇంటి రౌటర్ ఎప్పటికీ దొరకదు. వీపీఎన్ ఉంటే అదీ ఆపండి. అంకెల మధ్య చుక్కలు సరిగా పడకపోతే బ్రౌజర్ దాన్ని చిరునామాగా కాక వెతకాల్సిన మాటగా తీసుకుని సెర్చ్ ఫలితాలు చూపిస్తుంది కాబట్టి, ముందు హెచ్‌టీటీపీ, కోలన్, రెండు వాలుగీతలు పెట్టి ఆ తర్వాత అంకెలు కొట్టండి.

అయితే మీకు పేజీలు వస్తున్నాయి, అదీ రెండు రకాలవి వస్తున్నాయి. అందుకే నాకు ఇది మామూలు పొరపాటులా అనిపించడం లేదు. నాలుగు విషయాలు చూసి చెప్పగలరా? మొదటిది, ల్యాప్‌టాప్ కింది వైఫైలో ఉన్నప్పుడు కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు కొట్టే నల్ల తెర, తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే (బయటి నెట్ వైపు దారిచ్చే పెట్టె అడ్రస్) ఎదురుగా ఏముంది? రెండోది, పై రౌటర్‌కు ఒంటరిగా కలిపినప్పుడు అదే చోట ల్యాప్‌టాప్ తన ఐపీ అడ్రస్‌గా ఏం చూపించింది? మూడోది, కింది నుంచి వచ్చే కేబుల్ పై రౌటర్‌లో ఏ పోర్టులోకి వెళ్లింది, మిగతావాటికి వేరు రంగులో ఉన్న ఒంటరి పోర్టులోకా, వరుసగా ఉన్నవాటిలో ఒకదానిలోకా? చివరిది, అదే నల్ల తెరలో ఏఆర్‌పీ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత, దానికి ఆనుకుని ఏ అనే ఇంగ్లీషు అక్షరం కొట్టండి. అందులో 192.168.1.1 ఎదురుగా జంటలు జంటలుగా ఒక పొడుగాటి సంఖ్య కనిపిస్తుంది. అది మ్యాక్ అడ్రస్, ఒక్కో పెట్టెకు ఒక్కోటి ఉండే గుర్తింపు సంఖ్య. దాని చివరి జంట రాసుకుని, పేజీ మారినప్పుడు మళ్లీ చూడండి.

ప్రశ్న అడిగినవారు

ఇప్పుడే చూసి వచ్చాను. గేట్‌వే 192.168.1.1. పై రౌటర్‌కు ఒంటరిగా కలిపినప్పుడు ల్యాప్‌టాప్ 169.254తో మొదలయ్యే ఏదో అడ్రస్ చూపించింది, గేట్‌వే చోటు ఖాళీగా ఉంది. కేబుల్ పసుపు రంగు పోర్టులు నాలుగింటిలో ఒకదానిలో ఉంది, విడిగా ఉన్న నీలం పోర్టు ఖాళీ. మీరు చెప్పిన పొడుగాటి సంఖ్య చివర కింది పెట్టె పేజీ వచ్చినప్పుడు 38 ఉంది, నీలం పేజీ వచ్చినప్పుడు 91కి మారింది. ఫోన్ లైటు వేసి పై రౌటర్ అడుగున స్టిక్కరు చూస్తే, కిటికీ ఎండకు సగం వెలిసిపోయినా, మ్యాక్ అన్న చోట చివరి 91 మాత్రం స్పష్టంగా చదవగలిగాను.

ఇంకో మాట. ఖాళీ చేసి వెళ్లినవాళ్లు "మధ్యమధ్యలో నెట్ ఆగిపోతోందండీ, కాసేపటికి దానంతట అదే వస్తోంది" అని చాలాసార్లు అన్నారు. మేము కంపెనీకి ఫోన్ చేయడం, వాళ్లు వచ్చి కింద చూసి బాగానే ఉందని వెళ్లిపోవడం జరిగింది. దీనికీ దానికీ సంబంధం ఉందా?

జవాబు: గుంటూరు, లక్ష్మీపురం నుంచి

సంబంధం ఉందండీ, రెండూ ఒకే జబ్బు. నేను ఊళ్లో ఇళ్లకూ దుకాణాలకూ నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. మీరు తెచ్చిన వివరాలు చూశాక ఇక అనుమానం లేదు: మీ ఇంట్లో రెండు పెట్టెలకూ ఒకటే అడ్రస్ ఉంది. ఒకే వీధిలో రెండు ఇళ్లకు ఒకే డోర్ నంబరు వేస్తే పోస్టుమాన్ ఒకరోజు ఈ ఇంట్లో, ఒకరోజు ఆ ఇంట్లో ఉత్తరం వేసినట్టే జరుగుతోంది.

ఎలాగో వివరిస్తాను. 192.168తో మొదలయ్యే అడ్రస్‌లు ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ లోపలి వాడకానికని 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రంలో కేటాయించినవి. అందులో 65,536 అడ్రస్‌లున్నా, తయారీదారుల్లో ఎక్కువమంది తమ పెట్టెకు 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ పెట్టి అమ్ముతారు కాబట్టి, ఒకే ఇంట్లో రెండు పెట్టెలు చేరితే ఇలా ఢీకొనడం అరుదేమీ కాదు. మీ మరిది చేసిన పని నిజానికి మంచి పనే. కేబుల్‌ను పసుపు పోర్టులో, అంటే ఇంటి లోపలి పరికరాలను కలిపే లాన్ పోర్టులో పెట్టి, పై రౌటర్‌లో డీహెచ్‌సీపీని, అంటే ఫోన్లకు అడ్రస్‌లు పంచే పనిని ఆపేశారు. ఆయనకు గుర్తు రాని "ఏదో" అదే. ఒంటరిగా కలిపినప్పుడు మీ ల్యాప్‌టాప్‌కు అడ్రస్ ఇచ్చేవారు లేక, తనకు తానే 169.254 అడ్రస్ ఒకటి పెట్టుకుంది, అందుకే ఆ పేజీ రాలేదు. ఆయన మరచిపోయిన అడుగు ఒక్కటే, పై రౌటర్ సొంత అడ్రస్‌ను 192.168.1.1 నుంచి వేరేదానికి మార్చలేదు.

ఇక నెట్ ఆగిపోవడం సంగతి. పైనున్న ఫోన్ బయటికి ఏదైనా పంపాలంటే ముందుగా "192.168.1.1 ఎవరు?" అని ఇంట్లో కేకేస్తుంది. కింది పెట్టె "నేనే" అంటుంది, పై రౌటర్ కూడా "నేనే" అంటుంది. ఫోన్ కింది పెట్టెను నమ్మితే నెట్ నడుస్తుంది. పై రౌటర్‌ను నమ్మితే, దాని నీలం పోర్టులో బయటికి వెళ్లే తీగే లేదు కాబట్టి, ఫోన్ పంపినదంతా అక్కడే ఆగిపోతుంది. కొంతసేపటికి ఫోన్ ఆ జవాబు మరచిపోయి మళ్లీ అడుగుతుంది, ఈసారి కింది పెట్టె దొరికితే నెట్ దానంతట అదే వస్తుంది. కంపెనీవారు కింది పెట్టె దగ్గర నిలబడి ఎంతసేపు చూసినా ఇది పట్టుబడదు. పాపం, మీ అద్దెవాళ్లు చెప్పింది అక్షరాలా నిజం.

చేయవలసింది ఇది. పై రౌటర్ నుంచి కింది కేబుల్ పీకేయండి. ల్యాప్‌టాప్‌లో వైఫై తప్పనిసరిగా ఆపేయండి, లేకపోతే అది గాలిలోంచి కింది పెట్టెను పట్టుకుని మళ్లీ ఆ పేజీనే చూపిస్తుంది. చిన్న లాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ను పసుపు పోర్టుకు కలిపి, సెట్టింగుల్లో ఈథర్‌నెట్‌కు వెళ్లి, ఐపీ కేటాయింపు దగ్గర ఆటోమేటిక్ తీసేసి మాన్యువల్ పెట్టి, ఐపీవీ4లో అడ్రస్ 192.168.1.50, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1 అని ఇవ్వండి. మాస్క్ బదులు ప్రిఫిక్స్ లెంగ్త్ అని అడిగితే 24 కొట్టండి. అప్పుడు 192.168.1.1 కొడితే జవాబిచ్చేది పై రౌటర్ ఒక్కటే. లోపల లాన్ సెట్టింగుల్లో దాని అడ్రస్‌ను 192.168.1.2గా మార్చి సేవ్ చేయండి. సేవ్ చేసిన క్షణంలో పేజీ చచ్చిపోయినట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి. పాత అడ్రస్ పోయింది కాబట్టి అలా అవుతుంది, ఇకనుంచి 192.168.1.2 కొట్టాలి. వైఫై పాస్‌వర్డ్ అక్కడే మార్చేయండి. అంతా అయ్యాక ల్యాప్‌టాప్‌ను తిరిగి ఆటోమేటిక్‌కు మార్చి, కింది కేబుల్‌ను మళ్లీ పసుపు పోర్టులోనే పెట్టండి.

ఒక్క జాగ్రత్త ఉంది. కింది పెట్టె తాను పంచే అడ్రస్‌లను 2 నుంచే మొదలుపెడుతుంటే, రేపు 192.168.1.2ను ఎవరి ఫోన్‌కో ఇచ్చి మళ్లీ పాత గొడవే తెస్తుంది. కింది పేజీలో డీహెచ్‌సీపీ మొదలయ్యే అంకె చూసి, 2 ఉంటే 20కి మార్చండి.

జవాబు: విజయవాడ, సత్యనారాయణపురం నుంచి

ఇంత శ్రమ అవసరమా అని నా సందేహం. పై రౌటర్‌ను రీసెట్ చేసి, కేబుల్‌ను నీలం పోర్టులో పెడితే సరిపోతుంది కదా. మా ఇంట్లో అలాగే చేశాను, రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు.

జవాబు: గుంటూరు, లక్ష్మీపురం నుంచి

మీ ఇంట్లో నడిచిందంటే మీ రెండు పెట్టెల అడ్రస్‌లు ముందే వేరుగా ఉండి ఉండాలి, లేదా మీ రౌటర్ ఢీకొన్న సంగతి గమనించి తనంతట తానే అడ్రస్ మార్చుకుని ఉండాలి. కొన్ని మోడళ్లు అలా చేస్తాయి, అన్నీ చేయవు. ఈవిడ రౌటర్ చేయకపోతే, నీలం పోర్టు వైపూ పసుపు పోర్టుల వైపూ 192.168.1 వరుసే ఉండి, ఏది ఎటు పంపాలో దానికే తెలియక మేడమీద నెట్ పూర్తిగా ఆగిపోతుంది. నడిచినా పైవాళ్లకు వేరే నెట్‌వర్క్ ఏర్పడుతుంది. అద్దెవాళ్లకు అది కొంత నయమే అనుకోండి. పైనున్న ప్రింటర్‌ను కిందినుంచి వాడుకోవాలంటే మాత్రం కుదరదు.

రీసెట్ చేస్తే డీహెచ్‌సీపీ మళ్లీ మొదలవుతుంది. ఆ సంగతి మరచి కేబుల్‌ను పసుపు పోర్టులోనే ఉంచితే, ఇంట్లో అడ్రస్‌లు పంచేవారు ఇద్దరై కిందివాళ్లకు కూడా నెట్ పోతుంది. లాగిన్ పాస్‌వర్డ్ ఎంతకూ దొరకకపోతేనే, అదీ కింది కేబుల్ పీకేశాకే, పై రౌటర్‌ను రీసెట్ చేయాలి. కింది ఫైబర్ పెట్టె రీసెట్ బటన్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. కంపెనీవారు అందులో ఎక్కించిన యూజర్ నేమ్, ఇతర వివరాలు చెరిగిపోతే, లైట్లు వెలుగుతూనే ఉంటాయి గానీ నెట్ రాదు, వాళ్లు మళ్లీ ఎక్కించేదాకా ఎదురుచూడాలి.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ ఎన్ని నమస్కారాలు చెప్పినా తక్కువే. నిన్న సాయంత్రం మేడమీద నేలమీద కూర్చుని అన్నీ వరుసగా చేశాను. మొదటిసారి మళ్లీ కింది పేజీయే వచ్చింది. చూసుకుంటే ల్యాప్‌టాప్ వైఫై ఆపలేదు. ఆపగానే నీలం పేజీ వచ్చి, ఈసారి కదలకుండా నిలబడింది. పాస్‌వర్డ్ దగ్గర మాత్రం కాసేపు ఇబ్బందైంది. స్టిక్కరు మీది పాస్‌వర్డ్ పనిచేయలేదు, తప్పు కొట్టిన కొద్దీ ఇంకా ఎన్నిసార్లు మిగిలాయో చూపిస్తూ వచ్చింది. రెండు మిగిలి ఉండగా ఆపి మరిదికి ఫోన్ చేస్తే, చాలాసేపు ఆలోచించి మా మామగారి పాత స్కూటర్ నంబరు చెప్పాడు. అదే సరైనది.

కింది పెట్టెలో చూస్తే, మీరు భయపడినట్టే, డీహెచ్‌సీపీ 2 నుంచి 254 వరకు ఉంది. దాన్ని 20 నుంచి మొదలయ్యేలా మార్చాను. పై రౌటర్ ఇప్పుడు 192.168.1.2లో ఉంది. వైఫై పాస్‌వర్డ్, లాగిన్ పాస్‌వర్డ్ రెండూ మార్చాను. ఏఆర్‌పీ ఆదేశం నిన్న రాత్రి నాలుగుసార్లు, ఈరోజు పొద్దున రెండుసార్లు కొట్టి చూశాను, 192.168.1.1 ఎదురుగా ప్రతిసారీ 38 మాత్రమే ఉంది, 91 దాని కింది వరుసలో 192.168.1.2 ఎదురుగా ఉంది. రెండు అడ్రస్‌లూ, ఏ పెట్టెది ఏదో, కాగితం మీద రాసి కింది స్విచ్‌బోర్డు తలుపు లోపల అంటించాను.

ఖాళీ చేసి వెళ్లినవాళ్లకు ఫోన్ చేసి, నెట్ ఆగిపోయింది మా ఇంటి లోపం వల్లేనని చెప్పాను. "అయ్యో, పర్వాలేదండీ" అన్నారు. ఆవిడ ఇంటినుంచే ఉద్యోగం చేసేవారు, మీటింగుల మధ్యలో మెట్లు దిగి మా హాల్లోకి వచ్చి కూర్చునేవారు.