‘దూరపు కొండలు నునుపు’: ఈ నునుపు ఎక్కడిది?

ఈ సామెతను మనం ఎప్పుడూ ఎదుటివారి భ్రమను ఎత్తిచూపడానికే వాడుతున్నాం గాని, అందులోని ‘నునుపు’ అన్న మాట దగ్గర ఆగి ఆలోచించడం తక్కువ. సంస్కృతంలో ‘దూరస్థాః పర్వతాః రమ్యాః’ అన్నారు. మరాఠీ సామెతలోనూ దూరపు కొండలు అందమైనవే. తెలుగువారు, ‘దూరద బెట్ట నుణ్ణగె’ అనే కన్నడిగులు మాత్రం అందం ఊసెత్తకుండా కంటికి కనిపించిన గుణాన్నే పట్టుకున్నారు. నా దృష్టిలో ఇది చాలా నిశితమైన పరిశీలన.

మన రెండు కళ్ల మధ్య ఎడం సుమారు 6 సెంటీమీటర్లు కనుక ఎదుటి వస్తువు ఒక్కో కంటికి కాస్త వేరుగా కనిపిస్తుంది. ఆ తేడా నుంచే మెదడు లోతును గ్రహిస్తుందని ఆంగ్ల శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టోన్ 1838లో, ఒక్కో కంటికి ఒక్కో బొమ్మను చూపే తన స్టీరియోస్కోపు అనే పరికరంతో చూపించాడు. సూదిలో దారం ఎక్కించడానికి ఈ ఏర్పాటు ఎంతో అవసరం. కాని 5 కిలోమీటర్ల అవతలి కొండ విషయంలో ఆ తేడా దాదాపు శూన్యం కనుక, ఒక కన్ను మూసుకున్నా కొండ అంతే దూరంగా తోస్తుంది.

అక్కడ మెదడుకు ఆధారమయ్యేవాటిలో ఈ నునుపు ఒకటి. మామూలు చూపు విడదీయగల అతి చిన్న కోణం డిగ్రీలో అరవయ్యో వంతు. 5 కిలోమీటర్ల దూరంలో అది సుమారు ఒకటిన్నర మీటర్లు. అంతకన్నా దగ్గరదగ్గరగా ఉన్న బండలు, పొదలు కంటికి ఒకటిగా కలిసిపోయి, గరుకు మాయమవుతుంది. ఇలా దూరం పెరిగేకొద్దీ గరుకు సన్నగిల్లడం లోతును గుర్తించడానికి ముఖ్యమైన ఆధారమని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ గిబ్సన్ 1950లో వివరించాడు. దీనికి తోడు నడుమనున్న గాలి వెలుగును చెదరగొట్టి కొండకు నీలిఛాయ తెస్తుంది; అదీ దూరానికి గుర్తే. గాలే లేని చంద్రుడిపై అపోలో వ్యోమగాములు దూరాలను అంచనా వేయలేక ఇబ్బంది పడ్డారు.

కాబట్టి, సామెత మన కన్ను మోసపోతుందని చెబుతోందన్న వివరణతో నేను పూర్తిగా ఏకీభవించలేను. కొండ నిజంగా నున్నగా ఉందనుకోవడం పొరపాటే. నున్నగా కనిపించడం మాత్రం అది దూరాన ఉందనడానికి సరైన గుర్తు.

వాన వెలిసి గాలి తేటపడ్డాక కొండలు దగ్గరికి జరిగినట్టు కనిపిస్తాయి. దీన్ని చెప్పే మాట గాని, సామెత గాని మీ ప్రాంతంలో ఉంటే దయచేసి ఇక్కడ రాయండి.