పీ53 స్లైడు మొత్తం నీలంగానే ఉంది, తప్పు యాంటీబాడీదేనా?

ఒంగోలు_పరిశోధకురాలు:
అందరికీ నమస్కారం. పెద్దపేగు కణితి ముక్కల్లో పీ53 (కణితులను అడ్డుకునే ప్రొటీన్) ఉందో లేదో చూడటానికి, దాన్ని పట్టుకునే డీఓ-7 యాంటీబాడీ వాడుతున్నాను. పీ53 ఉన్న కేంద్రకం గోధుమ రంగులో, లేనిది నీలంగా కనబడుతుంది. పన్నెండు స్లైడ్లలో పదకొండింటికి గోధుమ రంగు ఎక్కింది. ఒక్కదానిలో మాత్రం కణితి కేంద్రకాలన్నీ నీలంగానే మిగిలాయి. రెండోసారి చేసినా అంతే. సీసా ఎండకు పాడయిందేమోనని మా గైడు గారి అనుమానం. కొత్తది కొనే స్థోమత మాకు ఇప్పుడు లేదు.

పెన్నాతీరం:
మే నెలలో నెల్లూరులో మాకూ ఈ భయమే పట్టుకుంది. చెన్నై నుంచి పెట్టె వచ్చేసరికి లోపలి ఐసు నీళ్లయిపోయింది. పారేయకుండా వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) చేశాం. పీ53 ఉన్న ఎంసీఎఫ్-7 కణాల్లో 53 కిలోడాల్టన్ల దగ్గర గీత రావాలి, పీ53 అసలే లేని హెచ్1299 కణాల్లో రాకూడదు. రెండూ సరిగ్గానే వచ్చాయి. గడ్డకట్టించడం, కరిగించడం పదే పదే చేయకండి, యాంటీబాడీకి అసలు చేటు అదే.

సింహపురి_పాథాలజీ:
ఒంగోలు అమ్మాయికి: పదకొండింటికి పనిచేసిన సీసాను అనుమానించకమ్మా. కణితిని కాసేపు వదిలి, దాని చుట్టూ ఉన్న పీచు కణాలనూ లింఫోసైట్లనూ (తెల్ల రక్తకణాలు) చూడు. మామూలు కణంలో పీ53ను ఎండీఎం2 అనే ప్రొటీన్ ఎప్పటికప్పుడు విరగ్గొట్టిస్తుంది. అందుకే అక్కడక్కడా లేత గోధుమ చుక్కలే కనిపిస్తాయి. అవి కనిపిస్తే యాంటీబాడీ పనిచేసినట్టే. జన్యువు చెడి ప్రొటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారితే, తరచూ అది విరగకుండా పేరుకుని, కేంద్రకాలు ముదురుగా కనబడతాయి. ప్రొటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోయే మార్పు వస్తే కణితి కణాల్లో రంగే ఉండదు. అదీ పీ53 చెడిన గుర్తే. చాలామంది దాన్ని ‘నెగెటివ్’ అని రాసి పక్కన పెట్టేస్తారు, నాకు బాధ కలిగేది అక్కడే. చుట్టుపక్కల కణాలకు కూడా రంగు లేకపోతే మాత్రం ముక్కను నిలవ ఉంచే ఫార్మలిన్‌లో ఎన్నాళ్లు ఉంచారో, యాంటీబాడీకి ప్రొటీన్ అందేలా సిట్రేట్ బఫర్‌లో సరిగ్గా ఉడికిందో లేదో చూసుకో.

ఒంగోలు_పరిశోధకురాలు:
ఇప్పుడే చూసి వచ్చాను మేడమ్. కణితి గ్రంథి అంచు వరకూ నీలమే. ఆ అంచుకు ఆనుకుని ఉన్న లింఫోసైట్లలో మూడు నాలుగింటికి లేత గోధుమ రంగు ఉంది! నిన్నటిదాకా వాటిని చూడనే లేదు. ఆ కణితి మైనపు బ్లాకులో, పీ53ను తయారుచేసే టీపీ53 జన్యువు క్రమం చదివిద్దామని గైడు గారిని అడిగాను, ఒప్పుకున్నారు.

కావలి_విద్యార్థి:
మేడమ్, ఎలుక కణజాలానికి డీఓ-7 పనికొస్తుందా?

సింహపురి_పాథాలజీ:
రాదు బాబూ, అది ఎలుక పీ53ను గుర్తించదు. సీఎం5 అనే యాంటీబాడీ ప్రయత్నించు.