ఇంట్లో అందరికీ కలిపి ఒకటే స్టోరేజ్: నాస్ కొనాలా, పాత పీసీ వాడాలా?

కోనసీమ_కుర్రాడు:
అందరికీ నమస్తే. మా ఇంట్లో ఒక డెస్క్‌టాప్, రెండు లాప్‌టాప్‌లు, ఫోన్లు ఉన్నాయి. చెల్లి పెళ్లి వీడియోలు, నాన్నగారు స్కాన్ చేయించిన పొలం కాగితాలు, ఫొటోలు అన్నీ కలిపి 500 జీబీ దాకా ఉంటాయి, ఒక్కోటి ఒక్కో చోట పడున్నాయి, ఏది కావాలన్నా పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరగాల్సొస్తోంది. రౌటర్ వెనక యూఎస్‌బీ పోర్టుకి హార్డ్‌డిస్క్ తగిలించేస్తే సరిపోద్దా, రెండు డిస్కుల నాస్ బాక్స్ (ఇంట్లో అన్నిటికీ నెట్‌వర్క్ మీద ఫైళ్లు అందించే డిస్కుల పెట్టె) కొనాలా, లేకపోతే అటక మీదున్న పాత పీసీ (4 జీబీ ర్యామ్) వాడొచ్చా?

వైరింగ్_మావ:
ఏది పెట్టినా ముందు ఇంట్లో వైరు చూస్కో తమ్ముడూ. నెట్ కనెక్షన్ ఇచ్చేవాళ్లు చాలామంది కేబుల్లో 8 తీగలుంటే నాలుగే క్రింప్ చేసి (చివరి ప్లగ్‌లో బిగించి) పోతారు, దాంతో 100 ఎంబీపీఎస్ మించి రాదు, అంటే సెకనుకి 11 ఎంబీ చిల్లర, నీ 500 జీబీ ఎక్కేసరికి 12 గంటలు దాటుద్ది. ఎనిమిదీ కలిపితే మామూలు క్యాట్ 5ఈ వైరు మీద కూడా గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వస్తది, అదే పని గంటన్నర లోపు అయిపోద్ది. విండోస్‌లో ఈథర్‌నెట్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 1000 చూపిస్తుందా 100 చూపిస్తుందా చూడు. రౌటర్ పోర్టులు కూడా గిగాబిట్‌వేనా కనుక్కో. రౌటర్‌కి డిస్క్ తగిలించడం మాత్రం వద్దు, దాని ప్రాసెసర్‌కి అంత ఓపిక ఉండదు, అందరూ ఒకేసారి తెరిస్తే నత్తనడకే.

సర్వర్‌గది:
పాత పీసీ హాయిగా వాడొచ్చండి. పీసీని నాస్‌గా మార్చే ఓపెన్‌మీడియావాల్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీ, ఫైల్ షేరింగ్‌కి 4 జీబీ ర్యామ్ ధారాళంగా సరిపోతుంది. కాకపోతే కరెంటు లెక్క చూస్కోండి, 50 వాట్లు లాగే పీసీ రోజంతా ఆన్‌లో ఉంటే నెలకి 36 యూనిట్లు, చిన్న నాస్ బాక్స్ అయితే అందులో సగం కూడా కాదు. డిస్కులు కొనేప్పుడు సీఎంఆర్ రకమేనా (డేటా వరసలు విడివిడిగా రాసేది) అని అడిగి తీస్కోండి, ఎస్ఎంఆర్ వాటికి (వరసలు ఒకదానిమీదొకటి కొంచెం ఎక్కేలా రాసేవి) పెద్ద ఫైళ్లు ఆపకుండా రాస్తుంటే స్పీడ్ పడిపోతుంది.

ఇంకోటి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా, రెండు డిస్కులు మిర్రర్ (రెండిట్లోనూ ఒకేసారి అదే డేటా రాయడం) పెట్టుకుని బ్యాకప్ అయిపోయిందనుకోకండి. ఒక డిస్క్ పోతే రెండోది కాపాడుతుంది నిజమే, కానీ ఇంట్లో ఎవరైనా పెళ్లి ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండిట్లోనూ అదే క్షణంలో పోతుంది. విడిగా ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ తీసి, దాన్ని తీసేసి బీరువాలో పెట్టండి, వీలైతే చుట్టాలింట్లో.

కోనసీమ_కుర్రాడు:
చాలా థాంక్సండీ. వైరు చూశా, లింక్ స్పీడ్ 100 అనే ఉంది, క్రింప్ మార్పిస్తా. పాత పీసీతోనే మొదలెడతా. మరి నేను హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఇంట్లో ఫైళ్లు తెరవాలంటే రౌటర్‌లో పోర్ట్ తెరవాలా (బయటి నెట్ నుంచి లోపలికి దారి ఇవ్వాలా)?

టెయిల్‌వైర్:
అస్సలు తెరవొద్దన్నా. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళమేసి డబ్బులడిగే వైరస్) ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచిన క్యూనాప్ కంపెనీ నాస్ బాక్సుల్ని వెతికి తాళాలేసింది. టెయిల్‌స్కేల్ (నీ పరికరాల్ని మాత్రమే భద్రంగా కలిపే వీపీఎన్ యాప్) వేస్కో, సీజీనాట్ (చాలా ఇళ్లకి కలిపి ఒకటే పబ్లిక్ ఐపీ అడ్రస్ ఇచ్చే పద్ధతి) వెనకున్న కనెక్షన్లకి కూడా పనిచేస్తుంది. షేర్ చేసిన ఫోల్డర్‌కి గెస్ట్ (పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా తెరిచే వీలు) పెట్టకుండా ఒక్కొక్కరికీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వు, కొత్త విండోస్ 11 గెస్ట్ షేర్లని చాలాసార్లు తెరవనివ్వదు కూడా. కరెంటు పోయే ఊరు కాబట్టి యూఎస్‌బీ కేబులున్న యూపీఎస్ తీస్కో, బ్యాటరీ అయిపోయేలోపు పీసీ దానంతటదే షట్‌డౌన్ అయ్యేలా పెట్టొచ్చు, రాస్తుండగా కరెంటు పోతే డేటా పాడవ్వొచ్చు.