ఈ వారం మూడు సినిమాలు, జేబులో 30 డాలర్లు

డాలస్‌కి కొత్త:

అందరికీ నమస్కారం. ఎమ్మెస్ చదవడానికి వచ్చి మూడు వారాలైంది, రిచర్డ్‌సన్‌లో ఉంటున్నాను. ఈ వారం మూడు తెలుగు సినిమాలు వస్తున్నట్టు యాప్‌లో చూపిస్తోంది. ఒకటి పెద్ద హీరోది, గురువారం ప్రీమియర్ టికెట్ 25 డాలర్లు. మిగతా రెండూ చిన్నవి. ఒకదానికి రోజుకి ఒక్క షో కనిపిస్తోంది, ఇంకోదానికి టైమింగ్సే లేవు. పెద్దది ఇప్పుడే బుక్ చేయకపోతే దొరకదని రూమ్మేట్లు టెన్షన్ పెడుతున్నారు. నాకు కారు లేదు, సినిమాలకి నెలకి 30 డాలర్లు మించి పెట్టలేను. ఏం చేయమంటారు?

ఇర్వింగ్ నుంచి:

తమ్ముడూ, వెల్‌కమ్. ముందు ఆ బుకింగ్ పేజీ మూసెయ్. నేను వచ్చి పన్నెండేళ్లయింది. మొదటి ఏడాది అచ్చం నీలాగే చేశాను. పెద్ద సినిమాకి పరిగెత్తాను, చిన్న సినిమా వచ్చే వారం చూద్దాంలే అనుకున్నాను. తీరా చూస్తే వచ్చే వారానికి ఆ చిన్న సినిమా ఊళ్లోనే లేదు.

ఇక్కడ చేయాల్సింది సరిగ్గా తిరగేసి. పెద్ద సినిమా ఎక్కడికీ పోదు. మొదటి వారం పది పదిహేను థియేటర్లలో ఆడుతుంది, రెండో వారంలోనూ షోలు దొరుకుతాయి, బాగుందంటే మూడో వారం కూడా. చిన్న సినిమాకి శుక్రవారం నుంచి గురువారం దాకా ఒక్క వారం, రోజుకి ఒకటో రెండో షోలు, అంతే. శుక్ర, శని, ఆదివారాల్లో జనం రాకపోతే సోమవారానికల్లా థియేటర్ వాళ్లు నిర్ణయం తీసేసుకుంటారు. కాబట్టి డబ్బులు, తొందర రెండూ చిన్నదానికి పెట్టు. పెద్దది మంగళవారం చూడు.

మంగళవారమే ఎందుకంటే, ఆ రోజు పెద్ద చైన్లలో టికెట్ తగ్గింపు ఉంటుంది. సినీమార్క్‌లో డిస్కౌంట్ ట్యూస్‌డే అంటారు (వాళ్ల హెడ్డాఫీసు మన ప్లేనోలోనే, తెలుసా?). ఏఎంసీలో మంగళ, బుధవారాలు. డబ్బు కట్టక్కర్లేని సభ్యత్వం ఉంటే చాలు, ఈమెయిల్ ఇచ్చి చేరిపోవచ్చు. అయితే మన సినిమాల్లో కొన్నింటికి మొదటి వారం ఆ తగ్గింపు వర్తించదు. డబ్బు కట్టే ముందు చివరి పేజీలో అంకె చూసుకో.

టైమింగ్స్ లేని సినిమా గురించి కంగారు వద్దు. ఇక్కడ వచ్చే వారం షోలు సోమ, మంగళవారాల్లో తేలతాయి. మంగళవారం రాత్రికో బుధవారం పొద్దున్నకో యాప్‌లోకి ఎక్కుతాయి. అంతకుముందు కనిపించేది చాలా వరకు ప్రీమియర్ల లెక్కే. ఆదివారం చూసి 'మన దగ్గర రిలీజ్ లేదు' అనుకుని వదిలేసినవాళ్లు బోలెడుమంది. పెద్ద స్క్రీన్ల సంగతి వేరు. ఐమ్యాక్స్, డాల్బీ లాంటివి ఆ వారం హాలీవుడ్‌ది ఏదైనా దిగితే దానికే పోతాయి. మన పెద్ద హీరోకి కూడా మామూలు స్క్రీనే మిగలొచ్చు.

ఇక ప్రీమియర్. అది ఒక అనుభవం, కాదనను. ఇండియాలో శుక్రవారం రిలీజ్ అంటే మనకి గురువారం సాయంత్రమే పడుతుంది. ఇప్పుడు మన సెంట్రల్ టైమ్‌కి హైదరాబాద్ పదిన్నర గంటలు ముందుంది కాబట్టి, ఇక్కడ సాయంత్రం 6 గంటల షో అంటే అక్కడ తెల్లవారుజాము 4:30. (నవంబర్‌లో ఇక్కడ గడియారం వెనక్కి తిప్పాక తేడా పదకొండున్నర అవుతుంది.) ఊళ్లో వాళ్లు పళ్లు తోముకునేసరికి నువ్వు సినిమా చూసి వచ్చేసి ఉంటావు. ఆ ముచ్చట కోసమే చాలామంది 25 డాలర్లు పెడతారు. పెట్టొచ్చు, ఏడాదికి ఒకసారి, నీ హీరోకి.

కానీ ప్రీమియర్‌లో ఒక రిస్క్ ఉంది. 'కంటెంట్ రాలేదు' అనే మాట వినే ఉంటావు. సినిమా ఇప్పుడు రీలు డబ్బాల్లో రాదు, తాళం వేసిన డిజిటల్ ఫైలుగా వస్తుంది. దాని తాళంచెవి విడిగా పంపుతారు, కేడీఎం అంటారు. ఆ చెవి ఆ థియేటర్‌లో ఆ ఒక్క మెషీన్‌కే, చెప్పిన తేదీల మధ్యే పనిచేస్తుంది. ఎడిటింగ్ చివరి నిమిషం దాకా సాగినా, అక్కడ నిర్మాతకీ కొనుక్కున్నవాళ్లకీ డబ్బు లెక్క తేలకపోయినా చెవి ఆగిపోతుంది. సినిమా మెషీన్‌లోనే ఉంటుంది, బొమ్మ మాత్రం పడదు. ఒకసారి నేను రెండు గంటలు ఖాళీ తెర చూస్తూ కూర్చున్నాను. ఎనిమిదిన్నరకి మేనేజర్ వచ్చి సారీ అన్నాడు. టికెట్ డబ్బులు తిరిగొచ్చాయి. బుకింగ్ సైట్ వేసిన కన్వీనియన్స్ ఫీజు కోసం మాత్రం రెండు మెయిళ్లు రాయాల్సి వచ్చింది. అప్పటి నుంచి కౌంటర్‌లోనే కొంటున్నా, అక్కడ ఆ ఫీజు ఉండదు.

ఫ్రిస్కో నుంచి:

అన్నయ్య చెప్పింది నిజమే కానీ, పెద్ద సినిమాకి ఆగమనడం అందరికీ కుదరదు. శుక్రవారం పొద్దున్నకి ట్విస్టులన్నీ ఫోన్లోకి వచ్చేస్తాయి. మా ఆయన అయితే మంగళవారం దాకా వాట్సాప్ తెరవడు.

రెండు విషయాలు కలుపుతాను. ఒకటి, భాష. ఒకే సినిమా తెలుగు, హిందీ, తమిళం అని మూడు వేర్వేరు పేర్లతో కనిపిస్తుంది. ఖాళీ సీట్లున్నాయని సంబరపడి బుక్ చేశాను ఒకసారి, హాల్లోకెళ్లాక హీరో హిందీలో మాట్లాడుతున్నాడు! ఖాళీలు ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. పేరు పక్కన భాష చదివాకే సీటు నొక్కు.

రెండోది నీకు ఇప్పుడు అక్కర్లేదు, ఎవరైనా అక్కావాళ్లు పిల్లలతో వస్తే చెప్పు. మన సినిమాలు ఎక్కువగా ఇక్కడి రేటింగ్‌కి వెళ్లవు, 'ఎన్ఆర్' (నాట్ రేటెడ్) అని ఉంటుంది. కొన్ని థియేటర్లు దాన్ని 'ఆర్' లాగే చూస్తాయి. 'ఆర్' అంటే 17 ఏళ్ల లోపు వాళ్ల పక్కన పెద్దవాళ్లు ఉండాలి. కొన్ని చైన్లలో అయితే 'ఆర్' సినిమాలకి సాయంత్రం 6 దాటితే ఆరేళ్ల లోపు పిల్లల్ని అసలు రానివ్వరు. ఇండియా సర్టిఫికెట్ మీద ఇప్పుడు యూఏ 7+, 13+, 16+ అని విడిగా ఇస్తున్నారు, నేనైతే అది చూసి బయల్దేరతాను.

డాలస్‌కి కొత్త:

థ్యాంక్స్ అన్నా, అక్కా. అయితే చిన్నదానికే శనివారం వెళ్తాను. ఇంకో చిన్న డౌట్. మా వాళ్లు హీరో ఎంట్రీకి పేపర్లు చింపి తీసుకెళ్తామంటున్నారు, వీడియో తీసి స్టేటస్ పెడదామంటున్నారు. ఇక్కడ ఓకేనా?

ఇర్వింగ్ నుంచి:

పేపర్లు వద్దని చెప్పు. షోకీ షోకీ మధ్య ఊడ్చేవాళ్లు ఇద్దరే ఉంటారు. మాకు దగ్గర్లో ఒక హాల్లో షో మధ్యలో లైట్లు వేసి ఆపేశారు. ఆ తర్వాత అక్కడ తెలుగు సినిమాలు తగ్గిపోయాయి. అరవండి, ఈల వేయండి, ప్రీమియర్‌లో ఎవరూ ఏమీ అనరు.

వీడియో మాత్రం అస్సలు వద్దు, ఇది సరదాకి చెప్పడం లేదు. థియేటర్‌లో తెరను రికార్డు చేయడం ఇక్కడ ఫెడరల్ నేరం. 2005లో వచ్చిన చట్టం. సినిమా మొత్తం కాదు, ఏ కొంచెం భాగమైనా దాని కిందికే వస్తుంది. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు రాసి ఉంది. స్టేటస్ పెట్టిన ప్రతివాడినీ పట్టుకెళ్తారని కాదు. కానీ మేనేజర్‌కి అనుమానం వస్తే పోలీసుల్ని పిలిచి, వాళ్లు వచ్చేదాకా నిన్ను ఆపొచ్చు. నువ్వు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నావు. పది సెకన్ల ఎంట్రీ షాట్ కోసం ఆ తలనొప్పి ఎందుకు? లోపలికి వెళ్లే ముందు పోస్టర్ దగ్గర ఫోటో దిగండి, చాలు.

ఇంకొకటి మర్చిపోయా. ఇక్కడ ఇంటర్వెల్ ఉండదు. తెర మీద 'విశ్రాంతి' అని పడుతుంది, మరుక్షణం రెండో సగం మొదలైపోతుంది. మూడు గంటల సినిమా అయితే ముందే బాత్రూమ్‌కి వెళ్లిరా. టికెట్ మీద ఉన్న టైమ్ తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు ట్రైలర్లే వేస్తారు కాబట్టి కొంచెం లేటైనా భయం లేదు.

శనివారం ఏ షోకి వెళ్తున్నావు? మ్యాట్నీ అయితే డార్ట్ రైలు, బస్సు పట్టుకుని వెళ్లొచ్చు. రాత్రి షో అయితే తిరుగు ప్రయాణంలో క్యాబ్ టికెట్ కంటే ఎక్కువవుతుంది. మేమిద్దరం రెండున్నర షోకి వెళ్తున్నాం, కార్లో రెండు సీట్లు ఖాళీ. రిచర్డ్‌సన్ మీదుగానే వస్తాం, కావాలంటే మెసేజ్ పెట్టు.

డాలస్‌కి కొత్త:

పెట్టాను అన్నా. రూమ్మేట్ కూడా వస్తానంటున్నాడు. పెద్ద హీరో ఫ్యానే, కానీ 25 డాలర్లు వాడి దగ్గరా లేవు.