నెల్సన్ క్రికెట్ గర్వం ఊరిదా, అద్దెకు తెచ్చుకున్నదా?

సిల్లీ పాయింట్:
లాంకషైర్ లీగ్ గురించి మొన్న మాట్లాడుకుంటుంటే నేనన్న ఒక మాటకి చాలామందికి కోపం వచ్చింది. "నెల్సన్‌కి క్రికెట్ చరిత్ర అంటూ ఏముంది, డబ్బులిచ్చి తెచ్చుకున్న స్టార్ల చరిత్ర తప్ప" అన్నాను. అక్కడ టాపిక్ పక్కదారి పడుతోందని ఇక్కడ విడిగా పెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం: నెల్సన్ ఉత్తర ఇంగ్లండ్‌లో బర్న్‌లీ పక్కనున్న చిన్న ఊరు. నూలు బట్టల మిల్లులతో పెరిగింది. 1892లో మొదలైన లాంకషైర్ లీగ్‌లో అన్నీ ఇలాంటి మిల్లు ఊళ్లే: అక్రింగ్టన్, బేకప్, హాస్లింగ్డెన్, రిష్టన్, రాటెన్‌స్టాల్. జట్టుకి ఒక్క ప్రొఫెషనల్‌ని, అంటే జీతం తీసుకునే ఆటగాడిని, పెట్టుకోవచ్చు, మిగతా పదిమందీ లోకల్. 1929లో నెల్సన్ వెస్టిండీస్ ఆల్‌రౌండర్ లియరీ కాన్‌స్టంటైన్‌ని తెచ్చుకుంది. తొమ్మిది సీజన్లలో ఏడుసార్లు టైటిల్, మిగతా రెండుసార్లూ రెండో స్థానం. ఆయనకంటే ముందు ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ టెడ్ మెక్‌డొనాల్డ్. తర్వాత లాలా అమర్‌నాథ్, రే లిండ్‌వాల్, కపిల్ దేవ్, స్టీవ్ వా.

ఈ లిస్టులో నెల్సన్‌లో పుట్టినవాడిని ఒక్కడిని చూపించండి. పర్సు బరువుగా ఉంటే ఎవరైనా గర్వపడొచ్చు.

నూలుపోగు:
ప్రొఫెషనల్స్ లిస్టు రాసి అందులో ఊరివాడు లేడంటే ఎలా అండీ? లీగ్ రూలే అది కదా.

మిగతా పదిమందిని ఒకే వాక్యంలో దాటేశారు. నాకు అసలు కథ వాళ్లదే అనిపిస్తుంది. వారమంతా మిల్లులోనో కొట్లోనో పనిచేసి, శనివారం మధ్యాహ్నం తెల్ల ప్యాంటు వేసుకుని దిగేవాళ్లు. టెస్ట్ బౌలర్ పూర్తి వేగంతో వేస్తుంటే స్లిప్‌లో నిలబడి క్యాచ్ పట్టాల్సింది వాళ్లే. ఒకటి వదిలేస్తే సోమవారం మగ్గం దగ్గర పక్కవాడు ఊరుకుంటాడా? అవతలి జట్టులో అలాంటి మామూలు మనుషులే ఆ బంతులకి ఎదురు నిలబడాలి. 1934లో అక్రింగ్టన్ మీద కాన్‌స్టంటైన్ పది పరుగులకి పది వికెట్లు తీశాడు. ఆ రోజు అవుటైనవాళ్లు కూడా ఆ కథని ఇంట్లో గొప్పగానే చెప్పుకుని ఉంటారు!

ఇంకోటి. ఎవరైనా బాగా ఆడితే గ్రౌండ్ చుట్టూ డబ్బా తిప్పేవాళ్లు, దానికి కలెక్షన్ అని పేరు. కూలి డబ్బుల్లోంచి తలా కొన్ని నాణేలు వేసేవాళ్లు. జీతం క్లబ్బు ఇస్తుంది సరే, ఆ పైన జనం తమ జేబులోంచి ఇచ్చేది అద్దె ఎలా అవుతుంది?

గల్లీ బౌలర్:
సిల్లీ పాయింట్ బ్రో, నీ డీపీలో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఆరెంజ్ జెర్సీ ఉంది, చూసుకున్నావా? 2016లో ఐపీఎల్ కప్పు ఎత్తిన వార్నర్‌ది సిడ్నీ. తెలుగు పాటలకి స్టెప్పులేశాడని మనోడే అనేసుకున్నాం. మనం చేస్తే అభిమానం, నెల్సన్ చేస్తే అద్దెనా?

సిల్లీ పాయింట్:
నేను చెప్పేది అదే. 2021లో పక్కనపెట్టారు, మరుసటేడు ఢిల్లీకి ఆడాడు. ఉప్పల్‌లో మనం ఇంకొకరి పేరు అరిచాం. కాంట్రాక్ట్ అయిపోగానే బంధం కూడా అయిపోతే దాన్ని ఇంకేమనాలి? మనదీ అద్దెదే అని ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

నూలుపోగు:
మంచి కొలత పెట్టారు, దాంతోనే కొలుద్దాం. 1937తో నెల్సన్‌లో కాన్‌స్టంటైన్ ఆట అయిపోయింది. 1938లో రోచ్‌డేల్ క్లబ్బుకి ఆడాడు. కానీ ఇల్లు మారలేదు. నెల్సన్‌లో మెరెడిత్ స్ట్రీట్‌లో భార్య నోర్మా, కూతురితో 1949 దాకా అక్కడే ఉన్నాడు. అంటే క్లబ్బుకి ఆడటం మానేశాక పన్నెండేళ్లు. తనలాగే ట్రినిడాడ్‌వాడైన రచయిత సి.ఎల్.ఆర్. జేమ్స్ 1932లో ఇంగ్లండ్ వచ్చాక ఆ ఇంట్లోనే ఉన్నాడు. వెస్టిండీస్ స్వపరిపాలన గురించి జేమ్స్ రాసిన తొలి పుస్తకం అచ్చయింది కూడా నెల్సన్‌లోనే. కార్మిక రాజకీయాలు బలంగా ఉండి 'లిటిల్ మాస్కో' అనిపించుకున్న ఊరు మరి.

1943లో లండన్‌లోని ఇంపీరియల్ హోటల్ నల్లవాడని కాన్‌స్టంటైన్‌ని ఉండనివ్వలేదు. కోర్టుకెళ్లి గెలిచాడు. 1969లో బ్రిటిష్ పార్లమెంటులో ప్రభువుల సభకి వెళ్లిన మొదటి నల్లజాతి వ్యక్తి అయినప్పుడు, బిరుదులో రెండు ఊళ్ల పేర్లు పెట్టుకున్నాడు: ట్రినిడాడ్‌లోని మారవల్, లాంకషైర్‌లోని నెల్సన్. అద్దెకొచ్చినవాడు ఇంటి పేరు తగిలించుకుని వెళ్తాడా?

సిల్లీ పాయింట్:
బాగుంది, కానీ ఊరు ఆయన్ని మొదటి రోజు నుంచీ నెత్తిన పెట్టుకున్నట్టు చెప్పకండి. మొదట్లో జాత్యహంకారంతో ఉత్తరాలు వచ్చాయి. పిల్లలు వింతగా కిటికీల్లోంచి తొంగిచూసేవాళ్లు. ఏటా టైటిళ్లు రాకపోయుంటే ఈ ప్రేమ ఉండేదా? ఒక్క కాన్‌స్టంటైన్‌ని పట్టుకుని వందేళ్ల పద్ధతికి సర్టిఫికెట్ ఇవ్వలేం. కపిల్ ఎన్నాళ్లున్నాడు అక్కడ? ఒక ఎండాకాలం!

స్కోర్‌బుక్:
అద్దె ఇచ్చినవాళ్ల వైపు నుంచే చూస్తున్నారు, తీసుకున్నవాళ్ల సంగతి? 1936 ఇంగ్లండ్ టూర్ మధ్యలో లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ లేదని ఇంటికి పంపేశారు. రెండేళ్లకే, 1938లో, అదే ఇంగ్లండ్‌లో నెల్సన్ ప్రొఫెషనల్. మన జట్టు వద్దన్న మనిషికి ఒక మిల్లు ఊరు పనిచ్చింది.

మన ఆల్‌రౌండర్ వినూ మన్కడ్‌ది ఇంకా అన్యాయం. 1952 టూర్‌లో జట్టులో చోటు గ్యారంటీ ఇవ్వమంటే బోర్డు ఇవ్వలేదు. ఆయన హాస్లింగ్డెన్‌తో ఒప్పందం చేసుకున్నాడు. మొదటి టెస్ట్ ఓడాక బోర్డుకి టెన్షన్ పట్టుకుంది, క్లబ్బుని బతిమాలి తెచ్చుకున్నారు. లార్డ్స్‌లో 72, 184 కొట్టి, మొదటి ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీశాడు. హాస్లింగ్డెన్ వాళ్లు వదిలారు కాబట్టే ఆయన ఆ టెస్ట్ ఆడగలిగాడు. ఈ చిన్న ఊళ్లకి మనం కాస్త బాకీ ఉన్నాం అనిపిస్తుంది.

పెవిలియన్ మెట్లు:
మేం ఉండేది బర్న్‌లీ దగ్గరే, నెల్సన్ గ్రౌండ్ సీడ్‌హిల్‌కి అప్పుడప్పుడు వెళ్తుంటాను. మీ ఇద్దరి వాదనలోనూ నెల్సన్ 1930ల్లోనే ఆగిపోయింది.

మిల్లులు పోయాయి. వాటిలో నైట్ షిఫ్టులు చేయడానికి 1950లు, 60ల్లో పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్ల మనవలు ఇప్పుడు ఊళ్లో పెద్ద సంఖ్యలో ఉన్నారు. నేను వెళ్లినప్పుడల్లా నెట్స్‌లో వినిపించేవి ఎక్కువగా వాళ్ల పేర్లే. చూసేవాళ్లు మాత్రం కొద్దిమందే, బౌండరీ దగ్గర కుర్చీ వేసుకున్న పెద్దాయన టీ తాగుతూ అంపైర్‌ని తిడుతుంటాడు. ఆ కుర్రాళ్లకి కాన్‌స్టంటైన్ ఎవరు? నా లెక్కలో వాళ్లకే బాగా దగ్గర. ఆయనా బయటినుంచి వచ్చి ఈ ఊరివాడైనవాడే కదా. "మన పాత రోజులు" అంటూ వాళ్లని పక్కనపెట్టి మాట్లాడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పాత రోజుల హీరో ఎవరో మర్చిపోయారా?

ఇక డబ్బుతో గర్వం కొనొచ్చు అన్నదానికి: ఇదే ఊళ్లో ఫుట్‌బాల్ క్లబ్బు కూడా ఉంది. 1923లో స్పెయిన్ వెళ్లి రియల్ మాడ్రిడ్‌ని 4-2తో ఓడించింది, నిజంగానే! వాళ్లూ జీతం తీసుకునే ఆటగాళ్లే. 1931కల్లా ఫుట్‌బాల్ లీగ్ నుంచి బయటికి పోయింది. పాత ఫుట్‌బాల్ గ్రౌండ్ మీదుగా ఎం65 మోటర్‌వే పోతోంది. పక్కనున్న క్రికెట్ గ్రౌండ్ మాత్రం మిగిలింది.

సిల్లీ పాయింట్:
ఫుట్‌బాల్ ముచ్చట కొత్తగా ఉంది, కానీ అది నా వైపే వాదిస్తోంది మేడమ్. స్టార్ ఉన్న ఆట బతికింది, లేనిది పోయింది. నెట్స్‌లో ఉన్న ఆ కుర్రాళ్లలో ఒకడి పేరు కాన్‌స్టంటైన్ పక్కన రాసిన రోజున ఊరి గర్వం అంటాను. అప్పటిదాకా నా మాట మీదే ఉంటా.

పెవిలియన్ మెట్లు:
ఊరి క్రికెట్ అంటే టెస్ట్ ప్లేయర్‌ని తయారుచేసే ఫ్యాక్టరీ అని ఎవరన్నారు? పదిమంది శనివారం వచ్చి ఆడుతున్నారు, నాకది చాలు.

గల్లీ బౌలర్:
గొడవ తర్వాత, మా తమ్ముడు ప్రెస్టన్‌లో చదువుకుంటున్నాడు. మ్యాచ్‌లు ఎప్పుడుంటాయి?

పెవిలియన్ మెట్లు:
ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా. జూన్‌లో వచ్చినా జాకెట్ తెచ్చుకోమనండి.

సిల్లీ పాయింట్:
టికెట్ కొంటే ఆ డబ్బు ప్రొఫెషనల్ జీతానికే పోతుందని కూడా చెప్పు తమ్ముడికి.