ఉలూరుకి పెద్దవాళ్లతో ఎలా వెళ్లాలి: రైలా, కారా, విమానమా?

అందరికీ నమస్కారం. జూలైలో అమ్మానాన్నలతో ఆస్ట్రేలియా వెళ్తున్నాం. సిడ్నీ, మెల్‌బోర్న్‌లకు దిగుల్లేదు, ఊళ్లో తిరగడానికి రైళ్లు, ట్రాములు ఉన్నాయి. చిక్కంతా దేశం నడిమధ్యన ఉన్న ఉలూరుతోనే. 348 మీటర్ల ఎత్తున్న ఆ ఎర్రకొండను సూర్యోదయం వేళ చూడాలని నాన్నగారికి ఎన్నాళ్ల నుంచో కోరిక. (2019లో కొండ ఎక్కడం ఆపేశారు. అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు అది పవిత్ర స్థలం, ఆపడమే న్యాయం. మేం కింద చుట్టూ నడుస్తాం.)

అడిలైడ్ నుంచి డార్విన్ దాకా 2,979 కిలోమీటర్లు వెళ్లే ‘ఘాన్’ రైలు ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆగుతుంది. అక్కడి నుంచి ఉలూరుకి ఇంకా సుమారు 450 కిలోమీటర్ల రోడ్డు. రైలేమో భోజనం, పడక అన్నీ కలిపిన ఖరీదైన విహారయాత్ర. సిడ్నీ నుంచి నేరుగా విమానంలో దిగితే సుఖమే, కానీ ఆ ఎడారి విస్తీర్ణం కళ్లారా చూడకుండా పోతుందని నా బెంగ.

ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి కారులో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? దారిలో పెట్రోలు బంకులు ఎంతెంత దూరంలో ఉంటాయి? చీకటి పడితే కంగారూలు అడ్డొస్తాయి కాబట్టి రాత్రి నడపను, పొద్దున్నే బయల్దేరితే వెలుగుండగానే చేరతామా? మోకాళ్ల నొప్పులున్న అమ్మకి కారు కంటే టూర్ బస్సు నయమంటారా? జూలై అక్కడ చలికాలం, తెల్లవారుజామున బాగా వణికిస్తుందట. ఎలాంటి దుస్తులు సరిపోయాయో కూడా చెప్పండి.